హెచ్‌ఐవీ మీద పనిచేసే చిన్న సంఘాలకు గ్రాంట్లు: తిరుపతి, చిత్తూరు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ల సంఘాలు, సెక్స్ వర్కర్ల సంఘాలు, హిజ్రాల సంఘాలు, వీళ్లతో కలిసి పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలు చాలానే ఉన్నాయి. వాళ్లకు కాగితాల పనిలో, ప్రపోజల్ రాయడంలో మేం సాయం చేస్తుంటాం. మళ్లీ మళ్లీ మా దగ్గరకు వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాం. అన్నీ చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సింది చూసుకుని వెళ్లండి. ఫొటోల గురించి, పేర్ల జాబితాల గురించి ఉన్న జవాబు మాత్రం దయచేసి అందరూ చదవండి.

అసలు ఈ పనికి డబ్బు ఎవరిస్తారు?

ఎక్కువ భాగం మన ప్రభుత్వమే. విదేశాల నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు, ఒకప్పుడు అందులో నిజం ఉంది కూడా. కానీ ఇప్పుడు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం పూర్తిగా కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే పథకం. ఐదో దశకు, అంటే 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు, కేంద్రం 15,471.94 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ డబ్బు ఢిల్లీలోని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) నుంచి రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ (ఏపీశాక్స్)కి, అక్కడి నుంచి ఒప్పందం చేసుకున్న స్వచ్ఛంద సంస్థలకు వస్తుంది. దీని తర్వాత ఎయిడ్స్, టీబీ, మలేరియాల మీద పనికి ఇచ్చే అంతర్జాతీయ నిధి గ్లోబల్ ఫండ్ డబ్బు, కంపెనీలు సామాజిక పనులకు ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు, కొన్ని ఫౌండేషన్లు, చివరగా మన ఊరి దాతలు. చిన్న సంఘానికి మొదటి రూపాయి దొరికేది సాధారణంగా ఈ చివరివాళ్ల దగ్గరే, అందుకని వాళ్లను చిన్నచూపు చూడకండి.

మాది రిజిస్టర్ కాని గ్రూపు. మాకు గ్రాంటు వస్తుందా?

నేరుగా రాదు. గ్రాంటు ఇచ్చేవాళ్లకు ఒక చట్టబద్ధమైన సంస్థ, దాని పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా కావాలి. మన దగ్గర ఎక్కువమంది 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగా నమోదవుతారు. కొందరు ట్రస్టు డీడ్ రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేస్తారు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ కూడా పెట్టుకోవచ్చు గానీ ఏటా దాని లెక్కలు, ఫైలింగుల ఖర్చు చిన్న గ్రూపుకు భారం. సభ్యులు కలిసి ఎన్నుకుని నడుపుకునే సంఘానికి సొసైటీయే బాగా సరిపోతుందని మా అభిప్రాయం. ట్రస్టులో అధికారం ఇద్దరు ముగ్గురు ట్రస్టీల చేతుల్లోనే ఉండిపోతుంది, సభ్యులకు అడిగే హక్కు ఉండదు.

రిజిస్టర్ అయ్యేదాకా, మీతో నమ్మకంగా ఉండే ఒక పెద్ద సంస్థ దరఖాస్తు పెట్టి, ఆ ప్రాజెక్టులో మీవాళ్లను పనిలోకి తీసుకునే పద్ధతి ఒకటుంది. అలా చేసేటట్టయితే ఎవరికి ఎంత జీతం, ప్రాజెక్టు అయిపోయాక కొన్న సామాన్లు ఎవరివి, రిపోర్టులో మీ పేరు ఉంటుందా లేదా అన్నవి ముందే కాగితం మీద రాసుకోండి. మాట మీద వెళ్లి తర్వాత బాధపడ్డవాళ్లు ఉన్నారు.

రిజిస్టర్ చేస్తే మా పేర్లు బయటపడి ఊళ్లో తెలిసిపోతుందేమో అని భయం. ఏం చేయాలి?

ఈ భయం న్యాయమైనదే. సొసైటీ కాగితాల్లో కార్యవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులు ఉంటాయి, వాటిని బయటివాళ్లు చూడొచ్చు. అయితే సంఘం పేరులో హెచ్‌ఐవీ అనో, పాజిటివ్ అనో పెట్టాలని ఏ చట్టమూ చెప్పదు. మామూలుగా వినిపించే పేరు పెట్టుకోండి. ఉద్దేశాల దగ్గర ఆరోగ్యం, చికిత్సకు తోడ్పాటు, హక్కులు, మహిళలు పిల్లల సంక్షేమం అని రాసుకోండి. రేపు దరఖాస్తు పెట్టేటప్పుడు ఉద్దేశాల్లో ఆరోగ్యం అన్న మాట ఉందా లేదా అని చూస్తారు కాబట్టి అదొక్కటీ మాత్రం తప్పకుండా ఉండాలి.

కార్యవర్గంలో అందరూ హెచ్‌ఐవీ ఉన్నవాళ్లే అయి ఉండక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు మిత్రులను, ఒక రిటైర్డ్ నర్సునో టీచర్‌నో కలుపుకుంటే ఆ జాబితా చూసి ఎవరూ ఏమీ పోల్చుకోలేరు. కానీ నిర్ణయాలు సభ్యుల చేతుల్లోనే ఉండేలా బైలాస్‌లో, అంటే సంఘం నియమాల్లో, రాయించండి, లేకపోతే మీ సంఘం పదేళ్లకు ఇంకెవరిదో అయిపోతుంది. ఆఫీసు అద్దెకు తీసుకునేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. బోర్డు మీద ఏం రాయాలో సభ్యులను అడిగి రాయండి.

ఏయే కాగితాలు సిద్ధంగా పెట్టుకోవాలి?

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్, పాన్, రెండు సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా, చార్టర్డ్ అకౌంటెంట్ ఆడిట్ చేసిన మూడేళ్ల లెక్కలు, వార్షిక నివేదికలు, మీటింగుల మినిట్స్ పుస్తకం. వీటితో పాటు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదై ఒక ఐడీ తీసుకోవాలి, ప్రభుత్వ గ్రాంటుకు ఇది అడుగుతారు. ఆదాయపు పన్ను వాళ్ల దగ్గర 12ఏ, 80జీ అని అందరూ పిలిచే రెండు రిజిస్ట్రేషన్లు కూడా చేయించుకోండి. 80జీ ఉంటే మీకు విరాళం ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు దొరుకుతుంది. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే మాత్రం దొరకదు, ఈ మాట దాతలకు ముందే చెప్పండి.

మినిట్స్ పుస్తకాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. గ్రాంటు పరిశీలనకు వచ్చినవాళ్లు మొదట తిరగేసేది దాన్నే. మీటింగు జరిగిన రోజే రాసి సంతకాలు పెట్టించండి.

టీఐ ప్రాజెక్టు అంటే ఏమిటి, అది మాకెలా దక్కుతుంది?

టార్గెటెడ్ ఇంటర్వెన్షన్‌నే అందరూ టీఐ అంటారు. సెక్స్ వర్కర్లు, పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషులు, హిజ్రాలు, సూదులతో మత్తుమందు తీసుకునేవాళ్లు, వలస కూలీలు, లారీ డ్రైవర్లు, ఈ సమూహాల్లో నివారణ పని చేయడానికి ఏపీశాక్స్ స్వచ్ఛంద సంస్థలతో, సముదాయ సంఘాలతో ఒప్పందం చేసుకుంటుంది. అందులో ప్రోగ్రాం మేనేజర్, కౌన్సెలర్, అవుట్‌రీచ్ వర్కర్లు, లెక్కలు చూసేవాళ్లు, అన్నింటికంటే ముఖ్యంగా ఆ సముదాయం నుంచే వచ్చే పీర్లు ఉంటారు. కండోములు ఇవ్వడం, సుఖవ్యాధుల వైద్యానికి, హెచ్‌ఐవీ పరీక్షకు తీసుకెళ్లడం, పాజిటివ్ అని తేలినవాళ్లను హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు చేర్చడం వాళ్ల పని.

ప్రకటన వచ్చినప్పుడే దరఖాస్తు పెట్టాలి. ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లి అడిగితే ఇచ్చేది కాదు. కాగితాలు చూశాక ఒక బృందం మీ ఆఫీసుకు, ఫీల్డుకు వస్తుంది. వాళ్లు చూసేది మీ గదిలో కుర్చీలు ఎన్ని ఉన్నాయని కాదు, మీరు చెప్పే సముదాయం మనుషులు నిజంగా మీకు తెలుసా లేదా అని. రేణిగుంట స్టేషన్ దగ్గర మీతో నడిచి వస్తే అక్కడున్న ఆడవాళ్లు మిమ్మల్ని పలకరిస్తారా, ఏ ఆటో స్టాండులో ఎవరితో మాట్లాడాలో మీకు తెలుసా, అదే వాళ్లకు కావాలి. అందుకే ప్రకటన వచ్చాక ఫీల్డు మొదలుపెట్టేవాళ్ల కంటే ఏళ్ల తరబడి డబ్బు లేకపోయినా తిరుగుతున్నవాళ్లే గట్టిగా నిలబడతారు.

ఒప్పందం వచ్చాక కూడా ఏటా మూల్యాంకనం ఉంటుంది, దాన్నిబట్టే కొనసాగింపు. బడ్జెట్ హెడ్లు నాకో నిర్ణయించినవే. ప్రయాణ ఖర్చుల డబ్బు తీసి అద్దెకు వాడుకుంటాం అంటే కుదరదు, ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

వాయిదా డబ్బు నెలల తరబడి రాకపోతే స్టాఫ్ జీతాలు ఎలా?

ఇది అందరి గుండెల్లో ఉన్న ప్రశ్న. ఆర్థిక సంవత్సరం మొదట్లో, అంటే ఏప్రిల్ దాటిన నెలల్లో, డబ్బు ఆలస్యం కావడం ఏ ప్రభుత్వ గ్రాంటులోనైనా జరిగేదే. పాత యూసీ, అంటే ఇచ్చిన డబ్బు ఎలా వాడామో చెప్పే ధ్రువపత్రం, చేరాలి, ఆడిట్ ముగియాలి, పైనుంచి విడుదల కావాలి, ఇవన్నీ అయ్యేసరికి పీర్‌గా పనిచేసే ఆడమనిషి ఇంట్లో బియ్యం అయిపోయి ఉంటాయి. అందరికంటే తక్కువ తీసుకునేది పీరే, ఆలస్యం అయితే అందరికంటే ముందు కష్టపడేదీ ఆమే. డబ్బు కొద్దిగా వచ్చినప్పుడు మేనేజర్ల జీతాలు ఇచ్చేసి పీర్లను ఆగమనడం తప్పు. ముందు పీర్లకు ఇవ్వండి.

దీనికి దారి ఏమిటంటే, ప్రభుత్వ గ్రాంటుతో సంబంధం లేకుండా సంఘానికి ఒక సొంత నిధి ఉండాలి. సభ్యత్వ రుసుము, ఊరి దాతల విరాళాలు, ఎవరైనా పెళ్లిరోజుకో పుట్టినరోజుకో ఇచ్చింది, అన్నీ వేరే ఖాతాలో వేసి, కనీసం మూడు నెలల పీర్ల గౌరవ వేతనం అంత చేరేదాకా ముట్టుకోకండి. ఆలస్యమైనప్పుడు దాంట్లోంచి అప్పుగా ఇచ్చి, వాయిదా రాగానే తిరిగి జమచేయండి, కార్యవర్గ తీర్మానం రాసి మరీ. యూసీ పంపడం మీ వైపు నుంచి ఒక్క రోజు కూడా ఆలస్యం కాకుండా చూసుకోండి, ఆలస్యంలో మన చేతిలో ఉన్న భాగం అదొక్కటే. ఒక ప్రాజెక్టు గ్రాంటును ఇంకో ప్రాజెక్టు జీతాలకు వాడటం మాత్రం ఎంత కష్టమొచ్చినా వద్దు, అది ఆడిట్‌లో పట్టుబడితే రెండు ప్రాజెక్టులూ పోతాయి.

శ్రీసిటీలో, రేణిగుంట వైపు అన్ని కంపెనీలున్నాయి కదా, సీఎస్‌ఆర్ ఇవ్వవా?

ఇస్తాయి, కానీ అడిగే తీరు వేరు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు అంతకు ముందు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతోంది. సత్యవేడు, వరదయ్యపాలెం, రేణిగుంట చుట్టుపక్కల పనిచేసే సంఘాలకు ఇది మంచి ఆధారం. అయితే ఆ డబ్బు తీసుకోవాలంటే మీ సంస్థ ముందు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. దానికి 12ఏ, 80జీ రెండూ కావాలి.

ఇంకో మాట. హెచ్‌ఐవీ అనగానే కొన్ని కంపెనీలు వెనకడుగు వేస్తాయి, స్కూలుకు బెంచీలు ఇచ్చి ఫొటో దిగడం వాళ్లకు తేలిక. అలాగని అబద్ధం చెప్పి డబ్బు తీసుకోకండి. సీఎస్‌ఆర్ జాబితాలో నివారణ వైద్యంతో సహా ఆరోగ్యం ఉంది, కాబట్టి చట్టపరంగా ఇబ్బంది లేదు. వాళ్ల దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే వలస కార్మికుల ఆరోగ్య శిబిరం, సుఖవ్యాధులు, టీబీ, హెచ్‌ఐవీ పరీక్షలు కలిపి అడగండి. లేదా హెచ్‌ఐవీ ఉన్న తల్లిదండ్రుల పిల్లల చదువు, పోషణ అడగండి. అడిగేది ఏ పిల్లవాడి పేరూ బయటపడకుండా చేయగలిగే పనే అయి ఉండాలి.

అమెరికాలో ఉన్న మా బంధువులు డబ్బు పంపిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వాళ్లది ఇప్పటికీ భారతీయ పాస్‌పోర్టే అయితే, తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే, అది విదేశీ విరాళం కిందకు రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లైతే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా పది డాలర్లు కూడా సంఘం ఖాతాలో వేయించుకోకూడదు. సెక్రటరీ సొంత ఖాతాలో వేయించుకుని సంఘానికి ఇస్తాం అనే ఆలోచన ఇంకా ప్రమాదం.

అయితే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ తీసుకోవాలా?

చిన్న సంఘానికి తొందర లేదు. సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పనుల మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. దరఖాస్తు పెట్టేటప్పుడే ఖాతా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరవాలి, మీరు ఢిల్లీ వెళ్లక్కర్లేదు, ఇక్కడి బ్రాంచి ద్వారా చేయొచ్చు. 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చులకు 20 శాతం మించకూడదు, అంతకు ముందు 50 ఉండేది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బును ఇంకో సంస్థకు పంచడం కూడా అదే సవరణతో ఆగిపోయింది. చిన్న సంఘాలను బాగా దెబ్బతీసింది ఇదే, ఎందుకంటే అంతకు ముందు పెద్ద సంస్థ తెచ్చి కింద పదిమందికి ఇచ్చేది. ఇప్పుడు ఎవరి రిజిస్ట్రేషన్ వాళ్లకుండాలి.

ఉన్నవాళ్లు ఏటా డిసెంబర్ 31 లోపు ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి, డబ్బు రాని ఏడాది కూడా. రెన్యువల్‌కు గడువు తీరడానికి నాలుగు నెలల ముందే దరఖాస్తు పెట్టండి.

గ్లోబల్ ఫండ్‌కి మేమే నేరుగా రాయొచ్చా?

రాయలేరు. 2002లో మొదలైన ఈ నిధి దేశాల స్థాయిలో ఒప్పందం చేసుకుని, ముఖ్య గ్రహీతలుగా ఎంచుకున్న సంస్థలకే డబ్బు ఇస్తుంది. మన దగ్గర ఏఆర్‌టీ మందులు వేసుకునేవాళ్లకు తోడుండే కేర్ అండ్ సపోర్ట్ సెంటర్లు 2013లో విహాన్ కార్యక్రమం కింద మొదలైంది ఈ డబ్బుతోనే, దాన్ని అలయన్స్ ఇండియా నడిపింది. అలాంటి కార్యక్రమాల్లో జిల్లా స్థాయి భాగస్వామిగా చేరడమే మీకున్న దారి. రాబర్ట్ కార్ ఫండ్ గురించి కూడా అడుగుతుంటారు. అది ప్రాంతీయ, అంతర్జాతీయ నెట్‌వర్కులకు ఇచ్చేది, ఒక జిల్లా సంఘానికి కాదు. దాని దరఖాస్తు మీద నెల రోజులు పెట్టకండి.

అమెరికా సాయం ఆపేసింది కదా, మందులు కూడా ఆగిపోతాయా?

లేదు. ఈ టెన్షన్ మాత్రం పెట్టుకోకండి, మీ సభ్యులకూ గట్టిగా చెప్పండి. ఏఆర్‌టీ మందులు ప్రభుత్వ సెంటర్లలో 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితం, అవి ప్రభుత్వ డబ్బుతో వస్తాయి. తిరుపతి రుయా ఆసుపత్రిలో గానీ ఇంకెక్కడ గానీ మందు తీసుకుంటున్నవాళ్లు ఒక్క పూట కూడా మానకూడదు.

దెబ్బ తగిలింది వేరే చోట. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపినప్పుడు ఆ డబ్బుతో నడిచే కొన్ని ప్రాజెక్టులు ఒక్కసారిగా మూతపడ్డాయి, హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో పెట్టిన మిత్ర్ క్లినిక్ అలాగే ఆగింది. గ్లోబల్ ఫండ్ కూడా 2025 నవంబర్‌లో 1,800 కోట్ల డాలర్లు కావాలని అడిగితే అప్పటికి వచ్చిన హామీలు 1,134 కోట్లే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటిది ఇంతకు ముందూ చూశాం. గేట్స్ ఫౌండేషన్ 2003లో మొదలుపెట్టిన ఆవాహన్ కార్యక్రమం ఆరు రాష్ట్రాల్లో పెద్ద ఎత్తున నడిచి, తర్వాత మెల్లగా ప్రభుత్వానికి అప్పగించారు. ఎంత పెద్ద దాత అయినా ఒక రోజు వెళ్లిపోతాడు. ఒకే ఒక్క దాత మీద సంఘం మొత్తం ఆధారపడటం వద్దని మేం పదే పదే అనేది అందుకే.

ప్రపోజల్ ఇంగ్లిష్‌లోనే రాయాలా? ఏం రాయాలి?

పెద్ద దాతలకు ఇంగ్లిష్ తప్పదు. కానీ ముందు తెలుగులోనే, సభ్యులందరూ కూర్చుని రాయండి, తర్వాత ఎవరితోనైనా ఇంగ్లిష్ చేయించండి. శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో, మహిళా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివే పిల్లలు అడిగితే సాయం చేస్తారు. మొదటే ఇంగ్లిష్‌లో ఎవరో రాసిచ్చిన ప్రపోజల్స్ అన్నీ ఒకేలా ఉంటాయి, ఊరి పేరు మార్చితే అనంతపురానికీ సరిపోతాయి, కడపకీ సరిపోతాయి. అవి చదివే మనిషికి అది వెంటనే తెలిసిపోతుంది.

మన ప్రాంతం గురించి మీకు తెలిసిందే రాయండి. చెన్నై, బెంగళూరు మధ్య తిరిగే లారీలు చిత్తూరు, పలమనేరు మీదుగా వెళతాయి. మామిడి సీజన్‌లో జ్యూస్ ఫ్యాక్టరీలకు, మండీలకు బయటి కూలీలు దిగుతారు. తిరుపతి లాడ్జీల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, ఆరు నెలలకోసారి మారిపోతుంటారు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లున్నారు, కుప్పంలో కన్నడం కూడా కలుస్తుంది, అక్కడ తెలుగు కరపత్రం ఒక్కటే పంచితే పని జరగదు. సొంత ఊళ్లో ఎవరైనా చూస్తారని భయపడి మందుల కోసం వెల్లూరుకో, ఇంకో జిల్లా సెంటర్‌కో వెళ్లేవాళ్లు మీకు తెలిసే ఉంటారు. బస్సు ఛార్జీలు లేని నెల వాళ్లు మందు మానేస్తారు. ఇలాంటి ఒక్క సమస్యను పట్టుకుని దానికి మీరు చేసే పని ఏమిటో రాస్తే చాలు, పేజీలకు పేజీలు అక్కర్లేదు.

అంకెలు కావాలంటే జిల్లా ఎయిడ్స్ నియంత్రణ విభాగాన్ని అడగండి, ఇప్పుడు దాన్ని దిశ అంటున్నారు. మొత్తం సంఖ్యలు మాత్రమే అడగండి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి ఏర్పడింది కాబట్టి అంతకు ముందు అంకెలను ఇప్పటి వాటితో పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో రాయకండి.

బడ్జెట్ వేయడం మాకు రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక నెల పనితో మొదలుపెట్టండి. ఉదాహరణకు 40 మంది పిల్లలకు గుడ్లు, వేరుశనగ, రాగిపిండి కలిపి నెలకు ఒక్కొక్కరికి 600 రూపాయల పోషణ కిట్ ఇద్దామనుకున్నారు. నెలకు 24,000, ఏడాదికి 2,88,000. ఇళ్లకు వెళ్లి చూసే మనిషికి నెలకు 8,000 చొప్పున 96,000. ప్రయాణాలకు నెలకు 2,000 చొప్పున 24,000. ఆడిట్‌కు 15,000. మొత్తం 4,23,000. చాలామంది మొదటి లైను ఒక్కటే రాసి మనిషి జీతం, బస్సు ఖర్చు వదిలేస్తారు, దాతకు తక్కువగా కనిపించాలని. ఆ తర్వాత ఆ ఖర్చు ఎవరో ఒక అక్క సొంత చేతి నుంచి పెట్టుకుంటుంది. సేవ అంటే ఉచితంగా చేయాలని ఎక్కడా లేదు. పనిచేసేవాళ్లకు డబ్బు అడగడానికి మొహమాటపడకండి.

దాత ఫొటోలు, లబ్ధిదారుల పేర్ల జాబితా అడుగుతున్నారు. ఇవ్వాలా?

ఇవ్వకండి. గ్రాంటు పోయినా సరే ఇవ్వకండి.

2017 నాటి హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఒక మనిషికి హెచ్‌ఐవీ ఉందన్న సంగతి ఆ మనిషి అన్నీ తెలిసి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప బయటపెట్టకూడదు. రికార్డులు ఉంచుకునే సంస్థలు వాటిని భద్రంగా కాపాడాలని కూడా అదే చట్టం చెబుతుంది. ఇది ఆసుపత్రులకే కాదు, మన సంఘాలకూ వర్తిస్తుంది. గ్రాంటు ఇస్తున్నాం కాబట్టి పేర్లు చూపించమనే హక్కు ఏ దాతకూ లేదు.

అయినా లెక్క చూపించాలి కదా, దానికి పద్ధతులున్నాయి. ప్రతి మనిషికీ ఒక కోడ్ నంబర్ ఇవ్వండి. కిట్ తీసుకున్నట్టు సంతకం ఆ కోడ్ పక్కనే పెట్టించండి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే పుస్తకం వేరే బీరువాలో తాళం వేసి, ఇద్దరికి మాత్రమే అందేలా ఉంచండి. ఆడిటర్‌కు అనుమానం వస్తే ఆఫీసులోనే చూసి వెళ్లాలి, కాపీలు, ఫోన్లో ఫొటోలు ఉండవు. ఈ పద్ధతి మీదేనని ఒప్పందం మీద సంతకం పెట్టకముందే దాతకు రాసి చెప్పండి. మంచి దాతలు అర్థం చేసుకుంటారు.

ఫొటోలకు వస్తే, వెనక నుంచి తీశాం, మొహం మసక చేశాం అంటుంటారు. చిన్న ఊళ్లో చీరను బట్టి, ఇంటి అరుగును బట్టి, పక్కన కట్టేసిన ఆవును బట్టి కూడా పోల్చుకుంటారు. కిట్ల ఫొటో తీయండి, ఖాళీ హాలు తీయండి, చేతులు కూడా వద్దు. పిల్లల ఫొటోలు ఏ పరిస్థితుల్లోనూ వద్దు, వాళ్లు రేపు పెద్దయ్యాక ఆ ఫొటో ఇంటర్నెట్‌లో అలాగే ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో హాజరు పట్టికల ఫొటోలు పెట్టే అలవాటు చాలా సంఘాల్లో ఉంది, దయచేసి ఇవాళే ఆపేయండి. ఒక్క ఫొటో బయటికి వెళ్లి పెళ్లి ఆగిపోయిన ఇంటికి, అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న ఇంటికి ఏ గ్రాంటూ ఏమీ తిరిగివ్వలేదు.

పది శాతం ఇస్తే గ్రాంటు ఇప్పిస్తామని ఒకాయన అంటున్నాడు. నిజమేనా?

నమ్మకండి. నిజమైన గ్రాంటుకు ముందు డబ్బు కట్టాల్సిన పని ఉండదు. విదేశీ ఫౌండేషన్ మీకు లక్ష డాలర్లు మంజూరు చేసింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని వచ్చే మెయిల్స్ కూడా మోసమే, వాటికి బ్యాంకు వివరాలు పంపకండి. ప్రపోజల్ రాసిపెట్టినందుకు ఎవరికైనా ఫీజు ఇవ్వడం వేరు, అది రసీదుతో ఇచ్చే కూలి. వచ్చిన గ్రాంటులో వాటా అడిగితే మాత్రం అది లంచమే.

రిపోర్టు, యూసీ అంటే భయంగా ఉంది.

నెలనెలా రాసుకుంటే భయం ఉండదు. ప్రతి గ్రాంటుకూ వేరే లెడ్జరు, వీలైతే వేరే ఖాతా. ఓచరు మీద ఏ గ్రాంటు, ఏ హెడ్డు అని అదే రోజు రాయండి. ప్రభుత్వ గ్రాంటు మీద బ్యాంకులో పడిన వడ్డీ కూడా మనది కాదు, దాన్ని లెక్కలో చూపించి తిరిగి ఇవ్వాలి. మిగిలిన డబ్బును మార్చిలో హడావుడిగా ఖర్చు పెట్టి దొంగ బిల్లులు పెట్టేకంటే మిగిలిందని రాయడమే మేలు. పని అనుకున్నట్టు జరగకపోతే అదీ రాయండి. యాభై మందిని పరీక్షకు తీసుకెళ్దామనుకుని ముప్పై మందే వచ్చారంటే, ఆ ఇరవై మంది ఎందుకు రాలేదో రాసిన రిపోర్టుకు విలువ ఎక్కువ.

గ్రాంటు వచ్చేలోపు ఏమీ చేయలేమా?

చాలా చేయొచ్చు. మీ సభ్యులకు రావాల్సినవి వస్తున్నాయో లేదో ముందు చూడండి. ఏఆర్‌టీ మందులు వాడుతున్నవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 పింఛను ఉంది, అర్హత ఉండి కూడా బయటపడతామన్న భయంతో పెట్టుకోనివాళ్లు ఉన్నారు, వాళ్లతో కూర్చుని మాట్లాడండి. టీబీ కూడా ఉన్నవాళ్లకు చికిత్స జరిగినన్ని రోజులూ పోషణ కోసం నెలకు 1,000 ఖాతాలో పడాలి. నిక్షయ్ మిత్ర కింద దాతలు టీబీ రోగులకు ఆహార కిట్లు ఇవ్వొచ్చు, మీ ఊరి వ్యాపారులను దానికి ఒప్పించండి. హెచ్‌ఐవీ గురించి చెప్పే 1097 హెల్ప్‌లైన్ ఉచితమని అందరికీ చెప్పండి. ఇవన్నీ కోడ్ నంబర్లతో ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే, ఏడాది తర్వాత దరఖాస్తు పెట్టేటప్పుడు మీ దగ్గర చూపించడానికి అసలైన పని ఉంటుంది.

మా దరఖాస్తు తిరస్కరించారు. కారణం చెప్పలేదు.

మర్యాదగా ఒక ఉత్తరం రాసి అడగండి, ప్రైవేటు దాతలు చాలాసార్లు రెండు ముక్కల్లో చెబుతారు. ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు చట్టం కింద మీకు వచ్చిన మార్కులు, పరిశీలన బృందం రాసిన నోటు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడిగినందుకు కోపం పెట్టుకుంటారేమో అని ఆగకండి. ఆ కాగితం చేతికొచ్చాక దాన్ని, మీ పాత ప్రపోజల్‌ను పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ తగ్గిందో చూడండి, తర్వాత ప్రకటన వచ్చేలోపు ఆ లోటు సరిచేయండి. అప్పటికి ఆడిట్ మిగిలి ఉంటే ముందు అది ముగించుకుని రండి, ప్రపోజల్ కలిసి కూర్చుని రాద్దాం.